చివరి పలక దగ్గర చిక్కు

"మళ్ళీ తేడా!" ప్రొఫెసర్ నామ్‌గుంగ్ తెర మీద వేలితో టకటకా కొట్టారు. "ఇదేం నడకమ్మా? నీ బొమ్మకి కాళ్ళున్నాయి గానీ బుద్ధి లేదు!"

సోల్‌బి బిక్కమొహం వేసింది. కొరియాలో, డేజొన్‌లోని ఈ ల్యాబ్‌లో ఆరేళ్ళుగా కంప్యూటర్‌లో ఒక బొమ్మ మనిషికి నడక నేర్పుతోంది. అడుగు వేస్తే పాదం నేలను ఎంత నొక్కుతుందో, నేల తిరిగి ఎంత తోస్తుందో ఆ బొమ్మ లెక్కగట్టి గీత గీస్తుంది. నేలలో బిగించిన తూకపు పలకల మీద నిజం మనుషులు నడిస్తే ఇంకో గీత వస్తుంది. రెండూ కలిస్తే డాక్టరేట్. కలవకపోతే ఇంకో ఏడాది ఇదే చాకిరీ, సియోల్‌లో ఖాయమైన ఉద్యోగం కాస్తా గోవిందా.

అన్ని అడుగులూ కలుస్తున్నాయి. చిక్కంతా చివరి పలక దగ్గరే. అక్కడ మనుషుల గీత గభాలున దిగి, మళ్ళీ పైకి ఎగురుతుంది. బొమ్మ గీత ఏమీ పట్టనట్టు సాఫీగా పోతుంది.

"డిపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ అలాగే వచ్చింది. నేను దగ్గరుండి నడిపించాను కదా!" అన్నారాయన. "వాళ్ళందరిలో ఉన్నదేదో నీ బొమ్మలో లేదు. అదేంటో కనిపెట్టు."

సోల్‌బి బొమ్మ మడమ మార్చింది. మోకాలు మార్చింది. నేలను మెత్తన చేసింది, గట్టిపరిచింది. బొమ్మ ఒకసారి బాతులా నడిచింది, ఇంకోసారి నడుం దాకా నేలలో దిగబడింది. గీత మాత్రం కలిస్తే ఒట్టు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"మన జూనియర్ తేగ్యుని ఇంకోసారి నడిపిద్దాం సార్," అంది చివరికి.

ప్రొఫెసర్ ఎప్పట్లాగే పలకల దారి చివర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తేగ్యు బూట్లు విప్పి నడిచాడు. చివరి పలక రాగానే గీత గభాలున దిగింది.

"నేనేం తప్పు చేశానక్కా? మామూలుగానే నడిచా కదా!" అన్నాడు బెదురుగా.

ఈసారి సోల్‌బి తెర వైపు చూడలేదు. వాడి వైపే చూసింది. వచ్చే నవ్వును గుటుక్కున మింగేసింది. ఇప్పుడీ మాట పెద్దాయనతో ఎలా చెప్పడం?

"ఈ కాలం పిల్లలకి నడకే రాదు సార్. మీరొక్కసారి నడిచి చూపించండి."

ఆయన ఉబ్బి తబ్బిబ్బయి లేచారు. ఛాతీ విరుచుకుని, ఖాళీ కుర్చీ వైపు ఠీవిగా నడుచుకుంటూ వచ్చారు. చివరి పలక కూడా దాటేశారు. తెర మీద రెండు గీతలూ అతుక్కుపోయాయి.

"చూశావా! నడకంటే ఇదీ! తప్పు నీ బొమ్మది కాదు, మీ తరానిది!" అంటూ అక్కడికక్కడే డాక్టరేట్ కాగితాల మీద సంతకం పెట్టేశారు.

సోల్‌బి ఆ కాగితాల్ని గబగబా సంచిలో దాచేసింది.

దారి చివరి కుర్చీ ఎదుటికి రాగానే నడుం వంచి ప్రొఫెసర్‌గారికి దండం పెట్టకుండా అడుగు వేయగలిగేది, ఆమె బొమ్మ తర్వాత, ఆ డిపార్ట్‌మెంట్ మొత్తంలో ఆయనొక్కరే మరి.