చోడవరం రమ్మీ టోర్నమెంటులో నా ఘోర పరాజయం

సకల పేకాటరాయుళ్లకూ సాష్టాంగపడి క్షమాపణలు. మీ పవిత్ర కళకు ఆదివారం మా చోడవరం క్లబ్బులో నా చేతుల మీదుగా మాయని కళంకం వచ్చింది.

ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, అద్దె గదిలో ట్రాన్సిస్టరు తప్ప పలకరించే దిక్కులేక, ఆట సరిగ్గా రాకపోయినా టోర్నమెంటుకు పేరిచ్చాను. పేక దేవతలు నిద్రలో ఉన్నట్టున్నారు, ఏకంగా ఫైనల్లో దేవరాపల్లి నుంచి వచ్చిన పెద్దాయన కృపారావు గారి ఎదుట కూర్చోబెట్టారు.

"ముక్కలలా విసనకర్రలాగ పట్టకురా బాబూ, అన్నీ కనిపిస్తన్నాయి. అన్నం తిన్నావేటి?"

"లేదండీ."

"సరిపోయింది! ముందో సోడా తాగు. నెమ్మదిగా ఆడు, నిన్నెవులు తరుముతన్నారు?"

ఈ ఊళ్లో నన్ను తిన్నావా అని అడిగిన మొదటి మనిషి ఆయనే.

చివరికి ఆయనే గెలిచారు. "ఇంకా నేర్సుకోవాలి గుంటడా" అని, కప్పు చంకలో పెట్టుకుని దేవరాపల్లి బస్సెక్కేశారు.

ఇందులో నేను చేసిందల్లా ఒక్కటే. మూడో ముక్క ఎత్తగానే నా ముక్కలన్నీ కలిసి షో వచ్చేసింది. చెబితే ఆట ముగిసి, ఆయన ముందు బస్సుకే వెళ్లిపోతారు. ఆ ముక్కనే కింద పడేశాను.

"ఏటి ఆటరా ఇది!" అంటూ ఆయన కుర్చీ ఇంకాస్త దగ్గరకు లాక్కున్నారు.