పాట పైన రాసిన వరుస

ఈ ఆదివారం నుంచి మా ఆళ్లగడ్డ చర్చిలో హార్మోనియం ఉండదని, పాటలకు ఫోనే వాయిస్తుందని పాస్టరు గారు చెప్పారు. నంద్యాల నుంచి స్పీకరు కూడా వచ్చింది. నలభై ఏళ్లుగా వాయించేది నేను.

పాట స్వరాలను ఫోన్లో అక్షరాలుగా కొట్టే పని టీచరు మంజులది. పల్లవికి ‘ఏ’, చరణానికి ‘బి’ అని పేర్లు పెట్టింది. పాట పైన ఈ పేర్లు రాసిన వరుస ప్రకారం ఫోను వాయిస్తుంది.

“ముందు ఏది పెద్దనాయనా?”

“బి,” అని అబద్ధం చెప్పాను.

ఆదివారం ఫోను పల్లవే ఎత్తుకుంది. నా ఎత్తు పారలేదనుకున్నాను. తర్వాత మళ్లీ పల్లవే వచ్చింది. ఆ తర్వాతా పల్లవే. పిల్లలు నవ్వారు.

“గురుస్వామన్నా, నీ హార్మోనియం పెట్టె యాడుందప్పా? బేగా తీ!” అన్నారు పాస్టరు గారు.

వాయించాను గానీ మనసు ఊరుకోలేదు. ఆరాధన అయ్యాక మంజుల దగ్గరికి పోయాను.

“నేను తప్పు చెప్పినా మా.”

“తెలుసు. నిన్ననే దిద్దినా.”

“మరి ఈపొద్దు?”

ఫోను చూపించింది. పైన వరుసగా పదకొండు ‘ఏ’లు. ‘బి’ ఒక్కటీ లేదు.

“ఎవురికీ చెప్పాకు. వచ్చే వారం పెట్టె ముందే తీసి పెట్టుకో.”