మిగిలిన చెవి

లోపలి చెవి జబ్బుతో అరుంధతికి కుడి చెవి పోయింది. ఇప్పటికీ తల తిరిగితే గోడ పట్టుకునే వంట చేస్తుంది. ఎడమ చెవైనా దక్కాలంటే అందరిలా తలలో మాటల చిప్ పెట్టించుకోవద్దన్నాడు డాక్టరు. ఊరంతా నోరు మెదపకుండా చిప్పుల్లోనే మాట్లాడుకుంటున్నా ఆమె పెట్టించుకోలేదు. డాక్టరు చెప్పినట్టే ఉప్పు మాని, చప్పిడి కూడు తింటూ ఆ చెవిని కాపాడుకుంది.

సాయంత్రం ఆమె భర్త, కూతురు లాస్య ఎదురెదురుగా కూర్చుని నవ్వుకుంటున్నారు.

"ఏంటే? నాకూ చెప్పు."

"పైకి మాట్లాడితే బళ్లో వెక్కిరిస్తారమ్మా. అలవాటు తప్పింది. నువ్వూ చిప్ పెట్టించుకో," అంది లాస్య బొంగురుగా.

"దాని హోరుకి ఈ చెవీ పోతుందే, తల్లీ."

లాస్య తండ్రి వైపు చూసింది. ఇద్దరి పెదవులూ కదల్లేదు. తండ్రి తలూపాడు.

వంటింట్లో కుక్కర్ కూసింది. అది మాత్రం అరుంధతికి స్పష్టంగా వినిపించింది.