సర్వరన్నా, ఉన్నవా?

చుట్టూ చీకటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆగయ్య కాళ్లు కదపబోయాడు. కదల్లేదు.

ఎక్కడో బ్లాస్టింగ్ జరిగింది. నేల అదిరి, పైనుంచి దుమ్ము అతని ముఖం మీద రాలింది.

"సర్వరన్నా, ఉన్నవా?"

"ఉన్న." పక్కనే ఒక బొంగురు గొంతు మెల్లగా పలికింది.

"బాయి కప్పు మల్ల కూలుతున్నది. మనలను తీస్తరంటవా?"

"తీస్తరు. ఫికర్ చెయ్యకు."

ఆగయ్య రొప్పుతూ చెయ్యి చాచాడు. ఒక గరుకు చెయ్యి అందింది. గట్టిగా పట్టుకున్నాడు. గొంతు ఎండిపోతోందంటే పెదవులకు నీళ్లు తగిలాయి. సర్వర్ దగ్గర ఇంకా నీళ్లున్నాయని అతనికి కొంత ధైర్యం వచ్చింది.

ఆగయ్య, సర్వర్ బొగ్గుబాయిలో చేరిన నాటి నుంచి ఒకే షిఫ్టు. ఒకే కుటుంబంలా మెలిగారు. భయం ముదిరితే పాత ముచ్చట్లే దిక్కు. ఈసారి బొంగురు గొంతే మొదలుపెట్టింది. బెల్లంపల్లిలో రంజాన్ నాడు సర్వర్ భార్య ఇమాంబీ పోసిన షీర్‌ఖుర్మా సంగతి ఎత్తింది. ఇంకొంచెం అడగడానికి మొహమాటపడి, ఆగయ్య ఖాళీ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడట. ఆగయ్య నవ్వాడు. రెండో గిన్నె కూడా తాగానని ఒప్పుకున్నాడు.

తర్వాత అతని వంతు. పెళ్లయిన కొత్తలో భార్య ఐలవ్వను కమాన్‌పూర్ నుంచి తీసుకొచ్చి, రామగుండం స్టేషన్‌లో రైలెక్కించిన రోజు గుర్తొచ్చింది. ఆమె అంతకుముందు రైలు చూడలేదు.

"ఇంజను కూత పెట్టంగనే నా అంగి పట్టుకున్నది. గంత మందిల. సిగ్గయింది గని, బెల్లంపల్లి దాకా విడువద్దనే అనుకున్న."

అతని చేతిలోని గరుకు చెయ్యి బిగుసుకుంది.

"సర్వరన్నా?"

"ఉన్న." ఆ గొంతు ఇంకా బొంగురుగా పలికింది. "గీ మాట ఆమెకెన్నడన్న చెప్పినవా?"

"ఎట్ల చెప్తనన్నా? బయటపడ్డంక చెప్త."

"చెప్పు. ఇంటది."

ఆగయ్య రొప్పు తగ్గింది. చేతి పట్టు సడలింది. మెల్లగా నిద్రలోకి జారుకున్నాడు.

ఏళ్ల కిందటి ప్రమాదంలో సర్వర్ ప్రాణం పోయి, తన మొగుడి కళ్లూ కాళ్లూ పోయిన నాటి నుంచి రోజూ ఇలా సర్వర్‌గా పలుకుతున్న ఐలవ్వ, మంచం పక్కనుంచి లేచి, బ్లాస్టింగులకు అదిరే గోదావరిఖని క్వార్టరు తలుపు తెరిచి, మధ్యాహ్నపు ఎండలో నిలబడింది.