గడ్డ గదికి కొత్త దారులు

ఒక పుట్టలో ఓ గది ఒంట్లో గడ్డలా ఉబ్బుతూ పోయింది. అందులోని చీమలకు ఎంత తిన్నా ఆకలే. అవి గోడల్లోని తీపి బంకను కొరికేసరికి వాసన పుట్టంతా పాకింది. దారులు తవ్వే చీమలు ఆ వాసన పట్టుకుని అటే తవ్వసాగాయి. తిండంతా ఆ కొత్త దారుల్లో అటే పోయింది. పిల్లల గదికి గింజ కూడా రాలేదు.

పిల్లల్ని సాకే సూరక్క కంగారుగా తవ్వుతున్న ఒక చీమకు అడ్డం పడింది. "తమ్ముడూ, పిల్లలు సొమ్మసిల్లుతున్నారురా! అటెందుకు తవ్వుతున్నావు?"

"ఏం చెయ్యను అక్కా, వాసన లాగేస్తోంది."

సూరక్క అతన్ని వదిలేసి, ఆ గది గోడల నిండా బయటి నుంచి తడిమట్టి మెత్తింది. వాసన ఆగింది. తవ్వకం ఆగింది. సాయంత్రానికి పిల్లల నోటికి తిండి అందింది.

సూరక్క ఆ గది గోడకు చెవి ఆనించింది. లోపలి చీమలు ఇంకా కొరుకుతూనే ఉన్నాయి.