బొచ్చు తీయని గొర్రెలు

“ఒరే హెమీ, బండి ఆపరా! మా అమ్మాయి ఫోను!”

డూగల్ చేతులు పైకెత్తి ఊపాడు. జేసీబీ గుర్రుమని ఆగింది. కొత్తగా తవ్విన గుంత గట్టు మీంచి మట్టి వానకు జారుతోంది. గుంత పక్కన ఆయన గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. బొచ్చు కత్తిరించి వారం కూడా కాలేదు. జనవరి అంటే దక్షిణార్ధగోళంలో ఉన్న ఈ మనియటోటో మైదానంలో నడివేసవి, ఎండకు గడ్డి మాడిపోవలసిన నెల. అలాంటిది దక్షిణం నుంచి చలిగాలి, దాంతోపాటు వాన వచ్చి, ఒంటి మీద నూలుపోగు లేని మందను ఒక్క రాత్రిలో ఊడ్చేశాయి.

“పిల్ల ఈ సంగతి విన్నదంటే చచ్చిపోతుంది. నువ్వు నోరెత్తకు,” అన్నాడు డూగల్.

“నేనెందుకెత్తుతాను? ఇంత గుంత తవ్విస్తూ దాస్తానంటున్నావు చూడు, నీకు చెప్పాలి,” అన్నాడు హెమి, సీటులోంచే.

డూగల్ కూతురు మైరీ పట్నంలో వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. రోజూ సాయంత్రం రేడియోలో రైతులకు వాన, గాలి సంగతులు చెప్పేది ఆమే. వారమంతా పొడిగా ఉంటుందని ఆమె చెప్పిన మర్నాడే డూగల్ కత్తిరింపు ముఠాను పిలిపించాడు. పక్క పొలం హెమి మాత్రం మోకాలు సలుపుతోంది, వాన తప్పదని ఆగాడు. “నీ మోకాలి నొప్పిని నమ్ముకుంటావా, మా పిల్ల చదువును నమ్ముకుంటావా?” అని రాన్‌ఫర్లీ బారులో అందరి ముందూ డూగల్ అతన్ని ఎకసెక్కం చేశాడు. ఇప్పుడాయనకు కావలసింది ఒక్కటే. ఈ సంగతి పిల్లకు ఏనాడూ తెలియకూడదు.

“నాన్నా.”

“చెప్పు తల్లీ. ఆఫీసుకు పోలేదా?”

“పోతాలే. నాన్నా... బొచ్చు తీయించావా?”

డూగల్ గుంతకేసి చూశాడు.

“ఎక్కడే! ఆ కత్తెరోళ్ళు వస్తేగా! ఎక్కడ తాగి పడున్నారో. మనవన్నీ బొచ్చుతోనే ఉన్నాయి. దుప్పట్లు కప్పుకున్న ముసలమ్మల్లా చెట్ల చాటున నక్కి నెమరేసుకుంటున్నాయి.”

ఫోనులో అవతలినుంచి వాన చప్పుడొక్కటే వినిపించింది.

“అక్కడా వానేనా?” అన్నాడు డూగల్.

“ఇదే వాన నాన్నా.”

“అసలేం మాయరోగం వచ్చిందే ఈ నెలకి? నడివేసవిలో కకానుయి కొండల మీద మంచు చూడలేదు నేను.”

“పడమర టాస్మన్ సముద్రం మీద అధిక పీడనం తిష్ఠ వేసుక్కూచుంది. నెలంతా కదల్లేదు. తూర్పున అల్పపీడనం. నానమ్మ బట్టలు పిండే మిషన్ లేదూ, రెండు రోలర్ల మధ్యనుంచి దుప్పటి లాగేది? అట్లా ఆ రెండూ కలిసి ధ్రువం దగ్గరి చలిని మన మీదికి లాగాయి. సముద్రం కూడా ఈ ఏడు చల్లబడిపోయింది. ఆ అల్పపీడనం దూరంగా పోతుందనుకున్నా నాన్నా. పోకుండా వెనక్కి తిరిగింది. అది నేను కనిపెట్టాల్సింది.”

“గాలి దారి గాలిది. నువ్వేం చేస్తావు?”

“నా మాట నమ్మి బొచ్చు తీసినోళ్ళ మొహం ఎట్లా చూడను? ఇవాళే ఉద్యోగం మానేస్తా.”

“ఓసి పిచ్చిదానా!” డూగల్ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు తేవడానికి ఆయన ఖాళీ చేత్తో జేసీబీ రేకును పట్టుకోవలసి వచ్చింది. “రేడియో విని గొర్రెలకు బొచ్చు తీసేవాడు రైతేనా? ఎవడైనా ఆకాశం చూసుకుంటాడు. ఆ మాటకొస్తే నీ ముచ్చట్లు నేనే ఎప్పుడూ వినలేదు.”

“ఎప్పుడూ వినలేదా?”

“ఆ టైముకు పాటలు పెట్టుకుంటా. ఏమనుకోకు.”

హెమి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ టైముకు గొర్రెల షెడ్డులో ఎవరైనా దగ్గితే కూడా డూగల్ కసురుకునేవాడు. హెమి అలా గేటు వైపే చూస్తూ ఉండిపోయాడు.

“మానకు తల్లీ,” అన్నాడు డూగల్. “ఒకసారి దెబ్బ తిన్నదానివి. రేపు మళ్ళీ ఇట్లాంటి గాలి తిరిగితే నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నాకు మాటివ్వు.”

“సరే. మానను.”

“అదీ! ఏదీ, ఒకసారి నవ్వు.”

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో తెగింది.

“నాన్నా, టోపీ పెట్టుకో. నెత్తి తడిస్తే నీకు పడదు.”

డూగల్ జేబులోంచి ముద్దయిన టోపీ తీసి పెట్టుకున్నాడు. “పెట్టుకున్నాలే.”

“ఊఁ. కాసేపు కూచో.”

“కూచుంటా. ఈ వారం రాకు, దారంతా బురద. ఎండలు కాశాక రా.”

“నువ్వు రమ్మన్నప్పుడే వస్తా నాన్నా.”

ఫోను ఆగిపోయింది. డూగల్ దాన్ని రొమ్ముకు అదుముకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

“నమ్మిందిరా హెమీ! ఇన్ని అబద్ధాలు నా జన్మలో ఆడలేదు. ఇసుమంత అనుమానం కూడా రాలేదు దానికి.”

హెమి బండి స్టార్టు చేయలేదు. డూగల్ భుజం మీదుగా రోడ్డుకేసి చూస్తున్నాడు.

“ఏందిరా ఆ చూపు? చీకటి పడేలోగా పూడ్చేయాలి, కానీ.”

హెమి మెల్లగా కిందికి దిగి, డూగల్ భుజం మీద చెయ్యేశాడు.

“మీ పిల్ల గేటు దగ్గర నిలబడి నిన్ను చూస్తూనే మాట్లాడిందిరా.”