ఒకే చేతిరాత

కవరు చింపి చూడగానే గడుల అక్కయ్యకి ఒళ్లు మండింది.

నలభై ఒక్క ఎంట్రీలు. నలభై ఒక్క పేర్లు. రాత మాత్రం ఒక్కటే.

కవరు తెచ్చిన మనిషి ఇంకా కౌంటరు అవతలే ఉన్నాడు. గొడుగు చంకలో పెట్టుకుని రసీదు కోసం ఆగాడు.

పత్రికలో ఆమె పని ఆదివారం గళ్ల నుడికట్టు తయారుచేయడం, మరుసటి ఆదివారం దాని జవాబులు విడమరిచి చెప్పడం. పద్నాలుగేళ్లుగా అదే పని. అసలు పేరు ఆఫీసులో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. అందుకు ఆమె బాధపడిందీ లేదు.

కవర్లు చింపి లెక్కపెట్టడం గుమాస్తా పని. ఈ వారం అతను సెలవు పెట్టబట్టి అది ఆమె నెత్తిన పడింది.

అసలే ఎడిటర్ ఈ మధ్య ఒక మెలిక పెట్టాడు. వారానికి వంద ఎంట్రీలు రావాలి. వరసగా నాలుగు వారాలు తగ్గిందా, ఆ చోటు ప్రకటనలకి పోతుంది.

"ఇవన్నీ ఎవరు రాశారండీ?" అని అడిగింది.

"నేనేనమ్మా."

"మరి ఈ పేర్లు?"

"పేర్లు వాళ్లవే. రాసింది నేను. జవాబులు మాత్రం నావి కావు."

వరసలో వెనక నిలబడ్డ ఇద్దరు కిసుక్కున నవ్వారు.

"పద్నాలుగేళ్లుగా చిక్కు ఆధారాలు విప్పి జనానికి చెబుతున్నాను. నా చెవిలోనే పువ్వు పెడదామనా? బహుమతి ఒక్క నిఘంటువు. దానికోసం ఇంత కక్కుర్తా?"

"అది కాదమ్మా, వాళ్లకి..."

"ఇంకేం చెప్పకండి. మళ్లీ ఈ రాతతో కవరు వస్తే చింపకుండానే బుట్టలో వేయిస్తాను."

ఆయన ఏదో చెప్పబోయి, వెనక నవ్వుతున్న వాళ్లని చూసి ఊరుకున్నాడు. ఆఖరికి "వాళ్లు చాలా కష్టపడ్డారమ్మా" అని మాత్రం అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ వారం నూట పద్దెనిమిది వచ్చాయి. ఈ కట్ట తీసేస్తే డెబ్బై ఏడు. దొంగ ఎంట్రీలు తీసేశానని ఆమె ఎడిటర్‌కి డెబ్బై ఏడనే చెప్పింది.

"ఆ దొంగ ఎంట్రీల సంగతి మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదమ్మా" అన్నాడు ఎడిటర్. ఆయనకీ గడి అంటే ఇష్టమే.

"నాకు తెలుసుగా" అంది.

తరువాతి వారం ఎనభై. ఆ పైవారం డెబ్బై నాలుగు. నాలుగోవారం కవర్లు ఎంత కొద్దిగా వచ్చాయంటే లెక్కపెట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది. గడి ఆగిపోయింది.

సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున ఆ కవరు దొరికింది. ఎప్పుడైనా పేచీ వస్తే చూపించడానికి తనే దాచింది. పారేసేముందు మొదటిసారి జవాబులు చదివింది.

ఆ వారం ఒక ఆధారం, 'తల తెగిన మొసలి చెయ్యి చాపింది', రెండు అక్షరాలు. మకరం తల తీసేస్తే కరం. ఆమెకి బాగా నచ్చిన ఆధారం అది.

ఒక కాగితంలో 'హస్తం' అని ఉంది. ఇంకోదాంట్లో 'పాణి'. ఒకరు మొదట హస్తం చెప్పి, మనసు మార్చుకుని, కొట్టేయించి కరం పెట్టించినట్టుంది. ఆరుగురు ఖాళీ వదిలేశారు. ఎవరి తప్పు వాళ్లదే.

అవి నిజంగా గడితో కుస్తీ పట్టిన వాళ్ల తప్పులు. దొంగ ఎంట్రీలు వేసేవాడు అన్నీ ఒప్పులే వేస్తాడు గాని ఇన్ని రకాల తప్పులు కూర్చుని అల్లడు. ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

అన్ని కాగితాల మీదా ఒకే చిరునామా ఉంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరింది.

పొడవాటి వరండా ఉన్న పాత మేడ. బల్ల మీద కూర్చున్న ముసలావిడ అడుగుల చప్పుడుకి తల ఎత్తింది.

"ఎవరమ్మా?"

"పత్రికలో గడి చేసేదాన్నండీ."

"ఒరేయ్, గడులమ్మ వచ్చిందర్రా!" ముసలావిడ లోపలికి గావుకేక పెట్టింది.

ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, గోడ తడుముకుంటూ జనం వరండాలోకి వచ్చారు. ఒక్కరికీ చూపు లేదు.

గడుల అక్కయ్య బల్ల చివర కూలబడింది.

"మీ ఎంట్రీలు తెచ్చే ఆయన ఏరండీ?"

"ఆ మతిమరుపు మనిషా? వారమంతా మేం బుర్రలు బద్దలుకొట్టుకుని చెబితే, కట్టంతా దారిలో పారేసుకున్నానంటూ వచ్చాడమ్మా. అందరం కలిసి నానా మాటలూ అన్నాం. ఆ మర్నాడే పని మానేసి పోయాడు."

ఆమె చప్పున లేచి నిలబడింది.

"ఎక్కడికి వెళ్లారో..."

"ఎవరికి తెలుసు? ఆయన పోయాక మాకు చదివేవాళ్లే లేరు."

"మీకు గడులు నేర్పిన మాస్టారా ఆయన?"

"మాస్టారా!" ముసలావిడ పకపకా నవ్వింది. "మా వంటవాడమ్మా! మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని వచ్చి, నలభై ఒక్కరం తలో మాటా చెబుతుంటే విసుక్కోకుండా ఎవరి కాగితంలో వాళ్లది రాసేవాడు గాని, పాపం, ఆయనకి మాత్రం ఒక్క ఆధారమూ ఏనాడూ అర్థం కాలేదు."